మల్లి అరవని ఎండాకాలం

బోనాలు అయిపోయిన తర్వాతి గురువారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు, బహదూర్‌పురాలోని మా పాత బర్రెల కొట్టంలో తూర్పు గోడ మీది సున్నం పెచ్చు ఊడి కిందపడింది. గంట ఇంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నానంటే, నాకు అంకెలూ అక్షరాలూ యాభై ఐదు దాటాక వచ్చాయి. మా గల్లీ చివర చర్చి గదిలో మధ్యాహ్నాల పూట ఆడవాళ్ళకు చదువు చెప్పిన మేరీ టీచరమ్మ పుణ్యం అది. అప్పటి నుంచి ఏం జరిగినా ముందు గడియారం చూస్తాను. దుకాణం బోర్డు కనబడితే నిలబడి చదువుతాను. బస్సు మీద రాసింది చదివేలోపు బస్సు పోతుంది, పోనీ, ఇంకోటి వస్తుంది.

కొట్టంలో బర్రెలు లేక చాలా ఏళ్ళయింది. కొన్నాళ్ళు ఆటోలు పెట్టుకున్నారు, కొన్నాళ్ళు పెళ్ళిళ్ళ వంటపాత్రలు పెట్టుకున్నారు. ఇప్పుడు సలీం భాయ్ మనవడు సమీర్ అక్కడ జిరాక్స్ దుకాణం పెడతానన్నాడు. సలీం భాయ్ అంటే, మా పాలు తీసుకునే చాయ్ హోటల్ నుంచి రోజూ క్యాన్లతో వచ్చిన మనిషి. గోడలు గీకి, గట్టిగా లేని చోట పడగొట్టి కట్టడానికి మేస్త్రీ జంగయ్యను పెట్టాం. కొట్టంలో సగం మా మరిది వాళ్ళది. అందుకని నా యారాలు, అంటే మా మరిది భార్య సుగుణమ్మ, కంచన్‌బాగ్ నుంచి చూసిపోవడానికి వచ్చింది.

ఆమె నాకంటే నాలుగేళ్ళే చిన్న. బస్సు దిగి ఒక్కతే నడిచి వచ్చింది. నేను మా గడప నుంచి కొట్టం దాకా, ముప్పై అడుగులు కూడా ఉండవు, మనవరాలు స్వప్న భుజం పట్టుకొని వచ్చాను. స్వప్న ఉడకబెట్టిన మక్కకంకి ఇస్తే సుగుణమ్మ కుర్చీలో కూర్చొని సొంత పళ్ళతో కొరుక్కొని తింది. నేను గింజలు ఒలిపించుకొని కూడా నమలలేను. మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఆమెను చూస్తే నాకు కండ్లమంట. మొగుళ్ళిద్దరూ పోయారు, మమ్మల్ని పోల్చేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అయినా మంట ఆరలేదు. ఆమె పళ్ళు చూసి ఒకటి, ఆమె నడక చూసి ఒకటి. అసలు మంట మాత్రం ఆ కొట్టంలో మొదలైంది.

అప్పుడు మాకు ఆరు బర్రెలు. గంగ, మల్లి అన్న రెండింటి పేర్లు గుర్తుంచుకుంటే చాలు. ఇంకా చీకటి విడకముందే మా పక్కనే ఉన్న జూలో సింహం అరిచేది. ఆ అరుపుకు బర్రెలు కాళ్ళు కదిపేవి, ఆ గొలుసుల చప్పుడుకు మేం లేచేవాళ్ళం. అత్త మంచం మీద లేచి కూర్చొని నడుముకు కొంగు చుట్టుకుంటూ ఇద్దరు కోడళ్ళ పేర్లూ ఒకే ఊపిరిలో పిలిచేది. పిండడం నా పని. పేడ తీయడం, కుడితి పెట్టడం, నీళ్ళు కొట్టడం సుగుణమ్మ పని. కుడితిలో తవుడు నానిన పులుపు వాసన, తడిసిన గోనెసంచి వాసన, పొయ్యిలో పిడక అంటుకునేప్పటి పొగ, వీటన్నిటి మీదా వెచ్చటి పాల వాసన. ఇప్పుడు పాల పాకెట్ కత్తిరిస్తే ఏ వాసనా రాదు. ముక్కు పాడైందేమోనని ఒకసారి స్వప్నను వాసన చూడమన్నాను. దానికి పాలకు వాసన ఉంటుందనే తెలియదు.

బర్రెకు ఒక కాలం ఉంటుంది. మా అత్త దాన్ని వేళ్ళ మీద చెప్పేది. కుక్కలకు కార్తీకం, కోడి ఈకలు రాల్చుకునే రోజుల్లో గుడ్డు ఆశ పెట్టుకోవద్దు, బర్రెకు దసరా. పొద్దు తగ్గి చలి తగిలితే బర్రె ఎదకు వస్తుంది, దున్న కోసం గల్లీ అంతా వినపడేటట్టు అరుస్తుంది. అప్పుడు చూలు కట్టిన బర్రె మళ్ళీ వానల్లో, వానలు వెళ్ళిపోయేటప్పుడు ఈనుతుంది. అందుకే చలికాలంలో పట్నంలో ప్రతి కొట్టంలోనూ పాలు పొంగేవి, ఎండలు ముదిరేసరికి ప్రతి కొట్టమూ వట్టిపోయేది. పెళ్ళిళ్ళు ఉండేది ఆ ఎండల్లోనే. ఆ రోజుల్లో సలీం భాయ్ ఖాళీ క్యాన్లు మా వాకిట్లో కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకొని నిలబడేవాడు.

"క్యా అమ్మా, గర్మీ షురూ, దూద్ ఖతం? మా సేట్‌కు నేనేం జవాబ్ చెప్పాలె?"

"నీ సేటును వచ్చి పిండుకోమను," అనేది అత్త.

ఎండాకాలంలో బర్రెను కట్టించగలిగితే, పది నెలలు దాటాక, అంటే హోలీ నాటికి అది ఈనుతుంది. ఏ కొట్టంలోనూ పాలు లేని రోజుల్లో మన దగ్గర ఉంటాయి. ఇది అందరికీ తెలుసు, ఎవరికీ చేతకాదు. ఎందుకంటే ఎండల్లో బర్రె అరవదు. అది అరిస్తేనే మగవాళ్ళు విని దున్న దగ్గరికి తోలుకుపోయేవాళ్ళు. ఆడవాళ్ళం ఆ మాట నోటితో అనకూడదు. దున్న ఉన్న వాకిట్లో ఆడది అడుగు పెట్టకూడదు. మరీ అవసరమైతే "బర్రె పిలుస్తున్నది" అని గోడకు చెప్పినట్టు చెప్పి లోపలికి పోవాలి. ఇక బర్రే నోరు తెరవకపోతే ఎవరు చెప్పాలి?

సుగుణమ్మ చేవెళ్ళ వైపు నుంచి కోడలిగా వచ్చింది. వచ్చిన మొదటి ఎండాకాలంలోనే, ఒక పొద్దున, చీపురు చేతిలో పట్టుకొని అత్తతో మెల్లగా ఏదో అన్నది. అత్త మా మరిది యాదగిరిని పిలిచి గంగను దున్న దగ్గరికి తోలుకుపొమ్మంది. గంగ అరవలేదు. మామూలుగా నెమరు వేస్తూ నిలబడింది. మా ఆయన బాలయ్య నవ్వాడు, నేనూ నవ్వాను. గంగ కట్టింది. మరుసటి ఏడు హోలీకి ముందే ఈనింది. జున్ను వండి, మీద యాలకులు చల్లి, గిన్నె మీద ఆకు కప్పి, గల్లీలో ఇల్లిల్లూ సుగుణమ్మ తిరిగింది. ఎండల్లో జున్ను పంచిన కొట్టం మాదొక్కటే. నేను వచ్చి ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళలో ఎండపూట జున్ను పంచలేదు. ఇంటింటా ఒకటే మాట, చిన్న కోడలు అడుగు మంచిదట. అయితే నా అడుగు ఏమైనట్టు? ఆ ఏడు నేను జున్ను నోట్లో పెట్టుకోలేదు. కడుపు నొప్పి అన్నాను. నిజంగానే నొప్పి వచ్చింది.

తర్వాతి వేసవి ముందు అత్తకు మోకాళ్ళు పట్టేశాయి. మంచం కొట్టం వాకిట్లో వేయించుకొని, అక్కడి నుంచే పెత్తనం చేస్తూ, ఒకరోజు మా నలుగురినీ పిలిచింది.

"ఇగ నాతోని గాదు. ఈ ఎండల మల్లిని ఎవరు కట్టిస్తరో, కొట్టం వాళ్ళ చేతుల పెడ్త. పెద్దది, చిన్నది అని నేను చూడ."

పెద్ద కోడలిని నేను. అడగకుండా నా చేతికి రావలసిన కొట్టం అది. కొట్టం ఎవరి చేతిలో ఉంటే ఆమె మాట ఇంట్లో చెల్లుతుంది, దాణా ఎంతో ఆమే చెప్తుంది, జున్ను ఆమే పంచుతుంది. నా పుట్టింటి వాళ్ళకు పత్తర్‌గట్టి దగ్గర గాజుల బండి. బర్రె ముందు ఎటు ఉంటుందో, వెనక ఎటు ఉంటుందో తెలియకుండా వచ్చి, తన్నులు తిని, చేతులు కాయలు కాయించుకొని పిండడం నేర్చుకున్నాను. నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల చేతుల్లో అత్త దాన్ని పెడుతుందట.

మల్లి అరుపు కోసం చెవులు పెట్టుకొని కూర్చున్నాను. మధ్యాహ్నం దాని మీద తడి గోనెలు కప్పాను. మా ఇంట్లో వాళ్ళు తాగే కుండ నీళ్ళు కూడా దానికే పోశాను. అది చల్లగా తాగి, మెల్లగా పేడ వేసి, నా వైపు చూసేది. అరవలేదు. పైగా పాలు ఎగ్గొట్టడం మొదలుపెట్టింది.

"ఏమే పెద్దదాన, ఎంతిచ్చింది మల్లి?" అని అత్త మంచం మీది నుంచి అడిగేది.

"ఏమిచ్చింది అత్తా, అర్ధసేరు ఎగ్గొట్టింది. పొదుగు ఎంత నిమిరినా చేప్తలేదు, పాలు దింపుతలేదు. దీని రోగమేందో!"

ఇట్లా రోజూ గొణగడం నాకు అలవాటు. ఏ బర్రె తన్నింది, ఏది పాలు దింపలేదు, ఏది తోక కొట్టింది, పిండుతూనే తిట్టుకునేదాన్ని. సుగుణమ్మ పక్కనే పేడ ఎత్తుతూ వినేది. ఆమె నా గొణుగుడు విని లోపల్లోపల మురుస్తున్నదని నాకు గట్టి నమ్మకం. నా పిండుడు అయిపోయాక తూర్పు గోడ దగ్గర, కుడితి గాబు వెనక, వంగి మేకుతో ఏదో గీకేది. ఆమె ఐదో తరగతి దాకా చదువుకుంది. నాకు అక్షరం రాదు. ఆ గీతలు చూసి ఇది ఏదో మంత్రం, బర్రెలను తన మాట వినేటట్టు కట్టేస్తున్నది అనుకున్నాను. అనుకోవడమేంటి, నమ్మాను.

ఒకసారి ఆమే చెప్పబోయింది. ఆ మాట దాచను.

"అక్కా, మా అమ్మ ఒకటి జెప్పేది. బర్రె అరవకున్నా గూడ..."

"నీ తల్లిగారి ముచ్చట్లు నాకు జెప్పకు సుగుణా. మీ ఊర్ల బర్రెలు మాట్లాడ్తయేమో. మా దగ్గర మాట్లాడవు."

ఆమె మళ్ళీ ఎత్తలేదు. నేను అడిగి ఉంటే కొట్టం నాకే వచ్చేదేమో. అడగడానికి నోరు రాలేదు.

ఎండలు మండుతున్న రోజుల్లో ఒక పొద్దున, సింహం అరిచిన కాసేపటికి, సుగుణమ్మ కొంగు చాటున ఏదో పట్టుకొని వాకిలి దాటడం చూశాను. మరుసటి పొద్దునా పోయింది. నాలుగో రోజు వెంట పోయాను. రెండు గల్లీలు దాటి ఎల్లయ్య వాకిట్లోకి పోయింది. ఎల్లయ్య ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఒక దున్నను సాకేవాడు. భార్య చనిపోయింది, ఒక్కడే ఉండేవాడు. నేను గోడ మలుపు దగ్గర ఆగాను. ఇంకో పది అడుగులు వేస్తే లోపల ఏం జరుగుతున్నదో కనబడేది. వేయలేదు. నాకు కావలసింది దొరికిందనుకున్నాను. వెనక్కి తిరిగి నడుస్తుంటే కాళ్ళు ఎంత తేలిగ్గా ఉన్నాయో ఇప్పటికీ గుర్తుంది.

పాలు కొలిచే వేళ దాకా ఆగాను. అది కూడా కావాలనే. అత్త మంచం మీద కూర్చొని కొలుస్తున్నది. సలీం భాయ్ క్యాన్లు పట్టుకొని ఉన్నాడు, పాలకు వచ్చిన పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు ఉన్నారు, మా ఆయన, మరిది గడ్డి దించుతున్నారు. సుగుణమ్మ కొట్టంలో గోడ దగ్గర ఏదో గీకి, చేతిలో చిన్న టిన్ను డబ్బాతో బయటికి వచ్చింది. డబ్బా మీద గుడ్డ కట్టి ఉంది.

"అత్తా, నీ చిన్న కోడలు యాడికి పోయొచ్చిందో అడుగు," అన్నాను.

"యాడికి వోయింది? పేడ దియ్యవోయింది."

"పేడ గాదు. ఎల్లయ్య వాకిట్లకు వోయింది. నాలుగు దినాల సంది పోతున్నది. ఒక్క మొగోడుండే ఇల్లు. పొద్దుపొద్దుగాల ఏం పని?"

అత్త చేతిలో కొలగిన్నె గాలిలోనే ఆగింది. పాలధార సన్నగా ఆమె మోకాలి మీద పడుతున్నది. పక్కింటి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యాదగిరి గడ్డి మోపు కింద పెట్టాడు.

"గా డబ్బల ఏముంది?" అని అడిగింది అత్త.

సుగుణమ్మ దగ్గరికి వచ్చి ఇచ్చింది. అత్త గుడ్డ విప్పి, ముక్కు దగ్గర పెట్టుకొని, చటుక్కున దూరం జరిపింది.

"ఇది... బర్రె ఉచ్చ గదనే!"

"మల్లిది అత్తా," అన్నది సుగుణమ్మ, నేల చూస్తూ. "మా అమ్మ గిట్లనే చేసేది. పొద్దున వట్టి దున్న ముక్కు కాడ వెడితే, ఎదల లేకుంటే తల తిప్పుకుంటది. ఎదలుంటే పై పెదవి మడిచి, మెడ చాపి, మీదికి చూస్తది. మూడు దినాలు తిప్పుకున్నది. ఇయ్యాల మడిచిన పెదవి దించలే. మల్లి ఇయ్యాలనే ఎదకొచ్చింది. ఎండెక్కక ముందే తోలాలె."

సలీం భాయ్ పగలబడి నవ్వాడు. "వారే వా! బర్రెల డాక్టరమ్మ!" అన్నాడు. అత్త నవ్వింది, పక్కింటి వాళ్ళు నవ్వారు, మా ఆయన నవ్వు ఆపుకోలేక గడ్డిలో తల దూర్చాడు. నవ్వనిది ముగ్గురం. సుగుణమ్మ, నేను, యాదగిరి.

"నవ్వకుండ్రి," అన్నాడు యాదగిరి. "వదిన అన్న మాట యాడవోతది?"

అత్త నవ్వు ఆపి నా వైపు తిరిగింది. "అన్న మాట వాపసు దీస్కో పెద్దదాన. గిప్పుడే. గిందరి ముంగట అన్నవు, గిందరి ముంగటనే దీస్కో."

"నేను చూసింది చెప్పిన," అన్నాను.

చూడనే లేదు. పది అడుగులు వేయలేదు. అయినా ఆ మాటే అన్నాను, ఎందుకంటే ఆమె ఆ డబ్బాతో గెలిచింది, అందరూ మెచ్చుకొని నవ్వుతున్నారు, ఇక నా దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే.

మల్లిని ఆ పొద్దునే తోలుకుపోయారు. కట్టింది. గల్లీలోకి మాత్రం డబ్బా సంగతి వెళ్ళలేదు, ఎల్లయ్య వాకిలి సంగతే వెళ్ళింది. నల్లా దగ్గర సుగుణమ్మ బిందె పెడితే మాటలు ఆగేవి. ఎల్లయ్య దున్నను అమ్మేశాడు. నెల తిరగకముందే యాదగిరి కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో పని చూసుకొని, ఇల్లు తీసుకొని, సామాను బండికి ఎక్కించాడు. బండి కదిలేముందు సుగుణమ్మ నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"అక్కా, నువ్వు లోపటికి చూసినవా?"

నేను తవుడు కలుపుతూ కూర్చున్నాను. ఆమె గోడ మీది గీతలకు అప్పటికే, ఆ గొడవ జరిగిన మరునాడే, నా చేతులతో నేనే సున్నం కొట్టాను. రెండు పూతలు. ప్రతి దసరాకు ఇంకో పూత.

కొట్టం నాకు వచ్చింది. ఇంకెవరున్నారు ఇవ్వడానికి? హోలీకి మల్లి ఈనింది. జున్ను నేనే వండాను, నేనే ఇల్లిల్లూ తిరిగాను. ఆకు ఎత్తి గిన్నెలోకి చూసిన ప్రతి మనిషీ ఒక్కటే మాట అడిగింది, "చిన్న కోడలు రాలేదా?" ఏడో ఇంటి దగ్గర గిన్నె వాళ్ళ అరుగు మీద పెట్టేసి ఇంటికి వచ్చాను. ఇంట్లో లేని మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో, కనబడదు, మాట్లాడదు, తప్పు చేయదు.

తర్వాత నాలుగు వేసవులు నేనూ డబ్బా పట్టుకొని తిరిగాను. ఇంకో గల్లీలో ఇంకొకరి దున్న. ఎవరైనా చూస్తారేమోనని నేను కొంగు కప్పుకొని పోవడం, అది ముక్కు పెట్టి తల తిప్పుకోవడం. ఏ బర్రెది ఏ పొద్దున తీసుకుపోవాలో నాకు తెలిస్తే కదా. ఆరింటివీ రోజూ మోయలేను, రోజులు లెక్కపెట్టి గుర్తుంచుకోలేను, రాసుకోవడానికి అక్షరం లేదు. మా బర్రెలు మళ్ళీ దసరాకే అరిచాయి, వానలకే ఈనాయి. మూడో వేసవికి సలీం భాయ్ సేటు వేరే కొట్టం చూసుకున్నాడు. అత్త పోయేదాకా ఎండలు వచ్చినప్పుడల్లా "సుగుణ ఉంటే" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఆమె మీదే కోపం వచ్చేది, నా మీద కాదు.

బర్రెలను అమ్మేసే ముందు ఒక పశువుల డాక్టరమ్మ సూదులు వేయడానికి వచ్చేది. ఆమెను అడిగాను, ఎండల్లో బర్రెకు ఎద ఎందుకు ఆగిపోతుందని. కొన్నింటికి నిజంగానే ఆగుతుందమ్మా అన్నది, పొద్దు పొడుగైతే, వేడి ఎక్కువైతే వాటి ఒంట్లో తేడా వస్తుంది. కానీ చాలావాటికి ఆగదు, మూడు వారాలకోసారి వస్తూనే ఉంటుంది, బయటపడదు, అంతే. చల్లబడిన వేళ కాసేపు వచ్చి పోతుంది. పాలు కొంచెం తగ్గిస్తుంది, పిండేవాళ్ళకు తెలుస్తుంది. నేను తల ఊపాను. పిండింది ఎవరో అప్పుడైనా నా బుర్రకు తట్టలేదు.

ఇప్పుడు ఆ గురువారానికి వస్తాను. పెచ్చు ఊడిన చోట, మట్టి గోడ మీద, మేకు గీతల్లో సున్నం నిండి అక్షరాలు తెల్లగా నిలబడి ఉన్నాయి. జంగయ్య మళ్ళీ సుత్తి ఎత్తాడు.

"ఆగు జంగయ్యా," అన్నాను.

"ఏందమ్మా, పగిలిందా గోడ?"

స్వప్న భుజం వదిలేసి, గోడ పట్టుకొని దగ్గరికి పోయాను. కూడబలుక్కుంటూ చదివాను. నాకు మనసులో చదవడం రాదు, పెదవులు కదలాలి, గొంతు రావాలి. అందుకని అందరికీ వినబడింది.

"గంగ. అక్క అన్నది, పావుసేరు తగ్గింది. దున్న మడవలే."

దాని కింద, "ఇరవై ఒక్క దినం. గంగ. అక్క అన్నది, తన్నింది, చేపలే. దున్న మడిచింది. తోలినం."

ఇంకా కింద, అన్నిటికంటే లోతుగా గీసింది. "మల్లి. అక్క అన్నది, అర్ధసేరు ఎగ్గొట్టింది. దున్న మడిచింది."

ఆ చివరిదాని పక్కన 'తోలినం' లేదు. రాసేలోపు నేను సున్నం కొట్టాను.

అక్క అంటే నేను. ప్రతి వరుసలో నేనే ఉన్నాను. నేను గొణిగిన ప్రతి మాటా ఆమె పేడ ఎత్తుతూ విని, మేకుతో గోడకెక్కించి, ఆ రోజు నుంచి ఆ బర్రె వెంటపడింది. ఆమె పోయాక ఆ నాలుగు వేసవులూ నేను పాలు పిండుతూనే ఉన్నాను, గొణుగుతూనే ఉన్నాను. నా మాట వినే మనిషి లేదు. నేనూ వినలేదు.

వెనక్కి తిరిగి చూస్తే సుగుణమ్మ మక్కకంకి చేతిలో పట్టుకొని నన్నే చూస్తున్నది.

"ఇన్నేండ్లకు చదివినవా అక్కా?"

"నా పేరెందుకు రాసినవే?"

"నువ్వు జెప్పకుంటే నాకెట్ల తెల్వాలె? పొదుగు మీది చెయ్యి నీది. నాది ఉత్త డబ్బ మోసుడు. అత్తకు గూడ జెప్పిన, అక్కనే కనిపెడ్తదని. నవ్వింది, నమ్మలే."

నాకు కోపం వచ్చింది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది, నిజం. నేను ఆమెను అందరిలో నిలబెట్టిన నాటికే ఆమె నా పేరు గోడ మీదికి ఎక్కించింది. మంచితనంలో కూడా నాకంటే ముందే పోయి కూర్చుంది. ఎదకు కాలం ఉంది, జున్నుకు కాలం ఉంది, నా కుళ్ళుకు మాత్రం ఏ కాలమూ లేదు, ఏడాది పొడుగునా పాలిస్తుంది.

ఇంకో కుర్చీలో సలీం భాయ్ కూర్చొని ఉన్నాడు, మనవడి దుకాణం చూడటానికి వచ్చి. ఆ పొద్దున నా మాట విన్నవాళ్ళలో ఇంకా బతికి ఉన్నది, మేమిద్దరం కాక, ఆయన ఒక్కడే. ఆయన వైపు తిరిగాను.

"సలీం భాయ్, ఆ దినం నేనన్న మాట గుర్తుందా?"

"ఛోడో అమ్మా. పురానీ బాత్."

"వదల. నేను చూసిన అన్న. చూడలే. ఎల్లయ్య గోడ మలుపు దాక వోయి, లోపట తొంగి గూడ చూడకుండ మర్లొచ్చిన. కొట్టం కోసమని అన్న. అన్నది అబద్ధం. గా మాట వాపసు దీస్కుంటున్న."

చెయ్యి చాపి స్వప్న భుజం వెతుక్కున్నాను. స్వప్న పట్టుకుంది. సుగుణమ్మ మక్కకంకి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను ఇన్నేండ్లు, నువ్వు దున్నను చూసి గూడ అట్ల అన్నవనుకున్న," అన్నది.

"చూస్తే అనకపోదును."

"చూసినా అందువు, తియ్," అన్నది, ఆ పళ్ళతో నవ్వుతూ.

అవును, అందును.

గోడలో ఆ ముక్క అట్లాగే ఉంచమని జంగయ్యకు చెప్పాను. మిషన్ వెనకాల ఉంటుంది, ఫికర్ లేదు అన్నాడు సమీర్. సుగుణమ్మే ఒప్పుకోలేదు. "ఏం జేస్తవక్కా మన్ను వెట్టుకొని? పిల్లగాడు దుకాణం వెట్టుకోవాలె. కొట్టు జంగయ్యా," అన్నది. ఆమెకు ఆ అక్షరాలతో పని లేదు. అవి రాసిన మనిషికి అక్కరలేదు, అవి చెరిపిన దానికి కావాలి. జంగయ్య నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు, తర్వాత కొట్టాడు. మట్టి కాబట్టి రెండు దెబ్బలకే రాలింది.

అందుకని కాగితం మీద పెడుతున్నాను. నిందను అంతమంది విన్నారు, వాపసు తీసుకోవడం ఎవరు విన్నారో కూడా రాసి ఉండాలి. ఆ గురువారం పది గంటల ఇరవై నిమిషాల నుంచి పదకొండు దాకా కొట్టంలో ఉన్నవాళ్ళు: సుత్తి పట్టుకున్న జంగయ్య. మట్టి ఎత్తుతున్న అతని భార్య లక్ష్మి. దుకాణం పెట్టబోతున్న సమీర్. వాళ్ళ తాత సలీం భాయ్. నా మనవరాలు స్వప్న. నా యారాలు సుగుణమ్మ. ఆమె గోడ మీద రాసిన అక్క, నేను, నర్సమ్మ.